ప్రతి జెల్లకు ఒక అధికారి

మన నీళ్ళలో జెల్ల చేపలు ఎన్ని రకాలని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరం సంగతి అని నేను ఎదురు ప్రశ్న వేయాల్సి ఉంటుంది. ఉత్తర్వు రాకముందు ఆరు. ఉత్తర్వు వచ్చాక నలభై ఒకటి. సవరణ వచ్చాక ఒక్కటీ లేదు. ఈ మూడు లెక్కల కిందా నా సంతకం ఉంది. చేపలు మాత్రం మొదటినుంచి చివరిదాకా అవే చేపలు. ఈ మార్పుల సంగతి వాటికి ఎవరూ కబురు చేయలేదు.

నా పేరు కేశనకుర్తి జోగారావు. మంచినీటి మత్స్య వర్గీకరణ సంస్థలో సహాయ వర్గీకర్తని. వినడానికి గంభీరంగా ఉంటుంది గానీ, చేసే పని చేపల మీసాలు కొలవడం. జెల్లకు నాలుగు జతల మీసాలుంటాయి, పొలుసు ఉండదు. వీపు మీద ఒక ముల్లు, మొప్పల వెనక చెరో ముల్లు. గుచ్చుకుంటే ఆ పూట అన్నం ఎవరైనా కలిపి పెట్టాలి. శాస్త్రంలో వీటన్నిటికీ కలిపి ఇంటిపేరు మిస్టస్. మీసాలవాళ్ళని అర్థమట. ఆ ఇంటిపేరు కింద ఎవరెవరున్నారు, ఎవరు ఎవరికి అన్నదమ్ములు, ఎవరు వట్టి ఇరుగుపొరుగు అన్నది తేల్చడానికి సర్కారు నాకు జీతమిస్తుంది. మా ఇంటిపేరు వాళ్ళలో ఎవరు నాకేమవుతారో ఈ రోజుకీ నాకు తెలియదు.

మావైపు జెల్ల అంటే చేప ఒక్కటే కాదు. వెనకనుంచి వచ్చి నెత్తిమీద అరచేత్తో చరిస్తే అదీ జెల్లే. అక్కణ్ణుంచి, నమ్మించి మోసం చేసినవాణ్ణి కూడా 'నాకు జెల్ల కొట్టాడ్రా' అంటాం. ఈ మూడింటిలో మొదటిదే మా సంస్థ పరిధిలోకి వస్తుందని ఉద్యోగంలో చేరిన కొత్తలో అనుకున్నాను.

నాకు ఒక చేప ఉండేది. ఉండేదంటే తొట్టిలో కాదు, పిల్లికోడులో. కోడంటే మావైపు చిన్న ఏరు. గుమ్మలంకకీ చినమెరకకీ మధ్య, తుంగా గుర్రపుడెక్కా అల్లుకుపోయి, ఎవరికీ పనికిరాకుండా పారుతుంటుంది. ఒక వానాకాలం అక్కడ వలలో ఒక జెల్ల పడింది. మామూలు చారల జెల్లకు ఒంటిమీద చార తిన్నగా పోతుంది. దీని చార నడుం దగ్గర రెండుగా చీలి, తోక దగ్గర మళ్ళీ కలుస్తోంది. మీసాలు మరీ పొట్టి, మొప్ప కూడా దాటవు. మళ్ళీ మళ్ళీ వెళ్ళి వల వేశాను. ఆ కోడులో దొరికిన ప్రతి జెల్లా అలాగే ఉంది. ఆ కోడు దాటితే ఒక్కటీ అలా లేదు. అంటే, అది ఇంతవరకు లోకానికి తెలియని జాతి. దాన్ని చూసిన మొదటి చదువుకున్నవాణ్ణి నేను. చదువుకోనివాళ్ళు తరతరాలుగా పులుసు పెట్టుకుంటున్నారు గానీ, పులుసు ప్రచురణ కిందికి రాదు.

వ్యాసం రాసి మా డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారికి సమర్పించాను. ఆయన దానిమీద 'పరిశీలించవచ్చు' అని రాశారు. మరుసటి సంవత్సరం మళ్ళీ సమర్పిస్తే మళ్ళీ 'పరిశీలించవచ్చు' అని రాశారు. ఆ మాట కింద ఆ మాట పేరుకుంటూ పోయింది. నా తొందరకు వేరే కారణం కూడా ఉంది. కనిపెట్టినవాడు జాతికి తన పేరు తానే పెట్టుకోవడం శాస్త్రంలో మర్యాద కాదు, ఇంకొకరు పెట్టాలి. పరాంకుశం గారు తలుచుకుంటే అది 'మిస్టస్ జోగారావి' అవుతుంది. పెళ్ళి కుదిరిన పిల్ల కాబోయేవాడి ఇంటిపేరు రాసుకు చూసుకున్నట్టు, నేను చిత్తుకాగితాల వెనక ఆ రెండు మాటలూ రాసుకుని చూసుకునేవాణ్ణి. దస్తూరి బాగుంటుంది నాది.

ఇలా ఉండగా ఉత్తర్వు వచ్చింది.

అది అన్ని శాఖలకూ వచ్చిన సర్కారు ఉత్తర్వే. 'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా ప్రతి జెల్లకు ఒక ప్రత్యేక అధికారి ఉండవలెను. సదరు అధికారికి ఒక గది, ఒక జీపు, ఒక గుమాస్తా, ఒక బంట్రోతు మంజూరు చేయడమైనది.'

జిల్లా అని కొట్టబోయి ఎవరో గుడికి బదులు ఎత్వం కొట్టారు, చివర దీర్ఘం ఎగిరిపోయింది. అది ఎవరికైనా తెలిసేదే. నేను వినయంగా డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళి ఆ మాటే చెప్పాను.

పరాంకుశం గారు కళ్ళజోడు తీసి నావైపు జాలిగా చూశారు. "జోగారావ్, ఉత్తర్వును మనం అమలు చెయ్యాలి. దిద్దడానికి అది పిల్లల కాపీ పుస్తకం కాదు."

పక్కన మా సూపరింటెండెంటు హనుమాజీరావు ఉన్నాడు. రబ్బరు స్టాంపు చొక్కా జేబులో పెట్టుకు తిరిగే మనిషి, అందుచేత గుండెమీద ఎప్పుడూ 'నిజ ప్రతి' అని ఊదారంగులో కనిపిస్తూ ఉంటుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "రూలు చెప్తాను వినండి సార్. మాటలో ఒక తప్పుంటే అది టైపు తప్పు. ఒకే మాటలో రెండు తప్పులున్నాయంటే అది తప్పు కాదు, ప్రభుత్వ ఉద్దేశం. ఎత్వమూ మారింది, దీర్ఘమూ పోయింది. పైగా చేపల ఆఫీసుకు చేపమాట కాక ఏం పంపుతారండీ?"

ఇంత తర్కం తర్వాత మాట్లాడటానికేముంది? ఆరు జెల్లలున్నాయి కనుక ఆరుగురు అధికారులు. మా సంస్థలో ప్రమోషను కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు తొమ్మిదిమంది. మిగిలిన ముగ్గురూ డైరెక్టరు గారి గది ముందు బెంచీ మీద కూర్చుని లేవలేదు. ఆ ముగ్గురిలో నేనొకణ్ణి.

"ఇంకో మూడు జెల్లలు కావాలి," అన్నారు పరాంకుశం గారు.

నాకు ఒక్కసారి ప్రాణం లేచివచ్చింది. "సార్, పిల్లికోడు జెల్ల ఉంది కదండీ. నిజంగా వేరు జాతి. వ్యాసం తమరి దగ్గరే..."

"ఉందయ్యా, కాదనను. కానీ ఒక్కటి పంపితే బాగుండదు. నీ స్వార్థం కోసం నువ్వు కనిపెట్టావంటారు. మూడూ కలిపి పంపితే సంస్థ కృషి అంటారు. మిగతా రెండూ నువ్వే చూడు. ఉన్నదాన్నే కాస్త విడదీయలేవూ?"

నేను ఆలోచించాను. ఒక్క నిజాన్ని గుమ్మం దాటించడానికి రెండు అబద్ధాలను తోడు పంపమంటున్నారు. ఆడపిల్లను ఊరు పంపేటప్పుడు తోడు పంపమా? ఆ రోజు అలా సర్దిచెప్పుకున్నాను. ఇంటికి వెళ్ళి కూర్చుని ఒక సిద్ధాంతం రాశాను. దానిపేరు జలభేద సిద్ధాంతం. 'నీరు మారిన జాతి మారును.' ఏ నీటిలో పట్టుబడితే ఆ నీటి జాతి. దీనికి మీసం కొలవక్కర్లేదు, చేపను చూడక్కర్లేదు, గట్టు మీద నిలబడి ఊరిపేరు అడిగితే చాలు. పెదగరువు చెరువును మధ్యలో రోడ్డు రెండుగా కోసింది కనుక రోడ్డుకు తూర్పున ఉన్నది తూర్పు జెల్ల, పడమట ఉన్నది పడమటి జెల్ల. సిద్ధాంతం డైరెక్టరు గారికి ఎంత నచ్చిందంటే, 'పరిశీలించవచ్చు' అని కూడా రాయకుండా ఆమోదించేశారు.

ఆరు తొమ్మిదయ్యాయి. నేను పిల్లికోడు జెల్ల ప్రత్యేకాధికారినయ్యాను. జీపు వచ్చింది. మా వీధిలో దాన్ని వెనక్కి తిప్పడం కుదరక డ్రైవరు రోజూ రివర్సులోనే వచ్చేవాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక చోట జెల్లకొక జీపు ఇస్తున్నారని తెలిశాక మిగతా శాఖల్లో మనుషులకు చేపల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. డిప్యుటేషన్ల మీద రావడం మొదలుపెట్టారు. పట్టుపురుగుల శాఖనుంచి ఒకాయన, దేవాదాయ శాఖనుంచి ఒకాయన. జైళ్ళూ జెల్లలూ దగ్గర దగ్గరగా వినపడుతున్నాయని జైళ్ళ శాఖనుంచి కూడా ఒకాయన్ని వేశారు. మనిషి వచ్చాక జెల్ల లేదంటే బాగుండదు కదా. ఎవరు చేరితే వారికొక జెల్లను నేను సిద్ధం చేసి ఇవ్వాలి. వంతెనకు ఎగువ జెల్ల, దిగువ జెల్ల. వరదలో దొరికేది, వేసంగిలో దొరికేది. నీళ్ళన్నీ అయిపోయాక మగది ఒక జాతి, ఆడది ఒక జాతి అన్నాను. పిల్లలు ఏ జాతికి చెందుతాయని పట్టుపురుగులాయన అడిగాడు. ఒక్క ఆయనే అడిగాడు. పిల్లలకు వేరే అధికారిని వేశాం.

రాష్ట్రంలో మత్స్య వైవిధ్యం ఇంతగా వర్ధిల్లిన కాలం మరొకటి లేదని పరాంకుశం గారు సభల్లో చెప్పేవారు. శాలువాలు కప్పారు ఆయనకు. నాకూ ఒకటి కప్పారు, ఆయనకు కప్పగా మిగిలినది.

పెదగరువు రోడ్డు కింద ఒక తూము ఉంది. సిద్ధాంతం రాసేటప్పుడు నేను దాన్ని గమనించలేదు. ఒకరోజు పొద్దున్నే తూర్పు జెల్ల అధికారీ పడమటి జెల్ల అధికారీ గట్టు మీద కలియబడ్డారని కబురొస్తే జీపేసుకుని పరిగెత్తాను. మావాళ్ళిద్దరూ వంతెన జెల్లలకు మారిపోయాక తూర్పు వైపుకు జైళ్ళ శాఖాయన వచ్చాడు. చేపలన్నీ లోపలున్నాయో లేదో రోజుకు రెండుసార్లు చూసుకునే అలవాటు ఆయనకు.

"నా చేప ఒకటి తూములోంచి అటు పారిపోయింది," అన్నాడాయన నాతో, పళ్ళు కొరుకుతూ. "దాన్ని అప్పగించమంటే ఈయన ఇవ్వనంటాడు."

పడమటాయన దేవాదాయ శాఖ. శాంతమూర్తి. "ఎలా ఇస్తానండీ? తూము దాటిన మరుక్షణం అది పడమటి జెల్ల అయిపోయింది. సిద్ధాంతం అదే కదా, జోగారావు గారూ? ఆశ్రయించి వచ్చినదాన్ని వదులుకోమంటారా?"

ఇద్దరూ నావైపు చూశారు. ఎవరు తీసిన గోతిలో వారే పడతారని మా అమ్మమ్మ చెప్పేది గానీ, గోతికి తూముంటుందని చెప్పలేదు. తూముకు ఇనపజల్లెడ బిగించమని, జల్లెడలో ఇరుక్కున్న చేప తల ఎటుంటే ఆ జాతి అని తీర్పు చెప్పి బయటపడ్డాను. హనుమాజీరావు దాన్ని రూలు కింద రాసుకున్నాడు.

గట్టు దిగుతుంటే నూకరత్నం రెండు గంపలు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. మా ఆఫీసుకు నమూనా చేపలు ఇచ్చేదీ, మా ఇంటికి కూరచేపలు ఇచ్చేదీ ఆవిడే.

"రండి రండి జోగారావు గారూ! ఏ జెల్ల కావాలండి? ఇది తూరుపుదండి, అది పడవటిదండి."

"ఏదైతే ఏముంది రత్నం, ఇవ్వు."

"అయ్యబాబోయ్, అలాగంటారేటండీ? తమరు కనిపెట్టినియ్యే కదండి. తూరుపుదానికి జైలాఫీసరు గారున్నారండి, ఓ వంద ఎక్కువండి. పడవటిదానికి దేవుడాఫీసరు గారండి, ఆయన కాస్త మెతకండి, దీన్ని తగ్గించిత్తాను."

"పులుసులో రెండూ ఒకటే రుచి కదా!"

"రుచి మాటెందుకండీ! ఆఫీసరున్న చేపకీ లేని చేపకీ తేడా ఉండదేటండీ?" అని ఆవిడ నా సిద్ధాంతాన్ని నాకే తూచి ఇచ్చింది. మా ఇంట్లో ఆ రోజు తూర్పు జెల్ల వండారు. పైవాళ్ళకు తెలిస్తే బాగుండదని కిటికీ మూశారు.

నలభై ఒక్కమంది అధికారులు ఎక్కడ కూర్చుంటారన్న ప్రశ్న తర్వాత వచ్చింది. జీపులు నిలపడానికే చోటు లేదు. 'జెల్ల సౌధం' కట్టాలని సర్కారు నిర్ణయించింది. స్థలం వెతికారు. అభ్యంతరం చెప్పేవాళ్ళు లేని సర్కారు స్థలం జిల్లా మొత్తంమీద ఒక్కటే దొరికింది. పిల్లికోడు. పూడిస్తే చాలు, బ్రహ్మాండమైన మెరక అవుతుంది.

నేను డైరెక్టరు గారి గదికి పరిగెత్తాను. "సార్, అక్కడ నా జెల్ల ఉందండీ!"

"అందుకే కదయ్యా అక్కడ పెట్టింది! నీ చేప ఉన్నచోటే నీ ఆఫీసు. ఏ అధికారికి దొరుకుతుంది ఇంత సౌకర్యం?"

"కోడు పూడిస్తే చేప చచ్చిపోతుంది సార్."

"చావడమేమిటి? బదిలీ చేద్దాం. పట్టుకొచ్చి పెదగరువు చెరువులో వెయ్యి."

"నీరు మారితే..." అని ఆగిపోయాను.

"చెప్పు. నీరు మారితే?"

"జాతి మారుతుంది సార్."

"చూశావా! అంటే ఇంకో కొత్త జెల్ల. ఇంకో పోస్టు. నీ సిద్ధాంతంలో ఇంత లోతుందని నువ్వు కూడా అనుకుని ఉండవు," అని ఆయన ఒక కాగితం నాముందుకు జరిపారు. పిల్లికోడు జెల్ల ప్రత్యేకాధికారి హోదాలో, కోడు పూడ్చడానికి నాకేమీ అభ్యంతరం లేదని నేను సంతకం చేయాలి. "చెయ్యకపోయినా ఫరవాలేదు. నీ జెల్లను చారల జెల్లలో విలీనం చేసేస్తాం. అది వేరు జాతి కాదని రాస్తే అసలు అభ్యంతరమే ఉండదు. చేస్తే మాత్రం, రేపే నీ వ్యాసం అచ్చుకు పంపుతాను. పేరు కూడా అనుకున్నాను. జోగారావి. ఎలా ఉంది?"

ఎలా ఉంటుంది? చిత్తుకాగితాల మీద కొన్ని వందలసార్లు చూసుకున్న పేరు. చేయకపోతే చేపా పేరూ రెండూ పోతాయి, చేస్తే చేప పోయినా పేరు నిలుస్తుంది. మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను సంతకం చేశాను. దస్తూరి బాగుంటుందని ముందే చెప్పాను కదా.

శంకుస్థాపనకు పదిహేను రోజుల ముందు పొక్లెయినర్ వచ్చింది. దారి చేయడానికని కోడు ఒడ్డున ఒక్క తొట్టి మట్టి తవ్వి గట్టు మీద గుమ్మరించింది. ఆ బురదలో, తుంగవేళ్ళ మధ్య, నాలుగైదు జెల్లలు కొట్టుకుంటున్నాయి. చీలి కలిసిన చార బురదలో కూడా తెలుస్తోంది. ఇవి చచ్చిపోతుంటే జోగారావి అనే మాట మాత్రం అచ్చులో బతికుంటుంది. కోటు, హోదా అన్నీ మరిచిపోయి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ చేత్తో తీసి నీళ్ళలోకి వేశాను. ఒకటి అరచేతిలో ముల్లు దించింది. డ్రైవరు యంత్రం ఆపి, "కూరకాండీ?" అని అడిగాడు. కాదంటే నమ్మేలా లేడని అవునన్నాను.

ఆ సాయంత్రం సవరణ వచ్చింది.

'పై ఉత్తర్వునందును, దానిననుసరించి వెలువడిన సమస్త పత్రములయందును, జెల్ల అని యున్న చోటనెల్ల జిల్లా అని చదువుకొనవలెను.'

పైన ఎవరో ఎట్టకేలకు గమనించారన్నమాట. ఇంకో సంస్థ అయితే నాలుక కరుచుకుని జీపులు తిరిగి ఇచ్చేసేది. మా హనుమాజీరావు అలాంటివాడు కాదు. 'సమస్త పత్రములు' అన్న మాట కింద రెండు గీతలు గీశాడు. గుమాస్తాలను కూర్చోబెట్టి సంస్థ పుట్టినప్పటినుంచి ఉన్న ప్రతి కాగితంలోనూ జెల్ల కొట్టేసి జిల్లా రాయించాడు. సీసాల మీద చీటీలు కూడా మార్పించాడు. మ్యూజియంలోకి వెళితే ఎర్ర జిల్లా, నల్ల జిల్లా, గుడ్డి జిల్లా స్పిరిట్లో తేలుతున్నాయి. పరాంకుశం గారి సుప్రసిద్ధ గ్రంథం ఇలా మొదలయ్యేది: 'జిల్లాకు నాలుగు జతల మీసములుండును. జిల్లా పగలు బురదలో దాగి, చీకటి పడినపిదప ఆహారమునకై తిరుగును. మామిడికాయతో వండిన జిల్లా మిక్కిలి రుచికరము.'

నా వ్యాసం కూడా అచ్చుకు వెళ్ళింది. మాట తప్పని మనిషి పరాంకుశం గారు. రాజపత్రంలో పడింది: 'పిల్లికోడు జిల్లా ప్రత్యేక జిల్లాగా గుర్తింపబడినది. దీని అధికారి శ్రీ కేశనకుర్తి జోగారావు.'

'జిల్లా సౌధం' శంకుస్థాపన రోజున వెళ్ళేసరికి కోడు ఒడ్డున బాణాసంచా. నేను జీపు దిగగానే ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు. "పిల్లికోడు జిల్లా కలెక్టరు గారికీ జై!" అని జనం. నేను చేపల ఆఫీసరునని చెప్పబోతే గుమ్మలంక ప్రెసిడెంటు నన్ను కౌగలించుకున్నాడు. "ఆయ్, మాకు తెలుసండి, తవరు చేపల్లోంచి పైకొచ్చినోరు. కిందనుంచొచ్చినోరే పేదోడి బాధ ఎరుగుతారు. మరి జిల్లా కేంద్రం గుమ్మలంకే కదండి?"

"అదెలా కుదురుద్దండి?" అంటూ అవతలి గట్టు నుంచి చినమెరక ప్రెసిడెంటు పడవ దిగాడు. "కోడులో మూడొంతులు మాదండి. కేంద్రం మా ఊళ్ళోనే. లేదంటే ఇక్కడ తట్ట మట్టి పడనివ్వమండి."

"మీరేటండీ పడనిచ్చేది? మేవే పడనివ్వం!" అన్నాడు గుమ్మలంకాయన.

ఆ ఒక్క మాట మీద మాత్రం రెండు ఊళ్ళూ ఏకమయ్యాయి. పొక్లెయినర్ తాళాలు ఎవరో లాక్కున్నారు. శంకుస్థాపన రాయి కోడులో పడింది. వారం తిరగకుండా ఇరువర్గాలూ కోర్టుకెక్కాయి. ఇచ్చిన జిల్లాను వెనక్కి తీసుకుంటామని చెప్పే ధైర్యం ఏ ప్రభుత్వానికీ ఉండదు, ఇవ్వడానికి అక్కడ జిల్లా లేదు. కనుక కోర్టువారు, వ్యాజ్యం తేలేదాకా పిల్లికోడులో ఉన్నది ఉన్నట్టుగా ఉండవలెననీ, నీరు గానీ మట్టి గానీ తుంగ గానీ ఎవరూ ముట్టరాదనీ ఆజ్ఞాపించారు. ప్రపంచంలో ఏ చేపకూ ఇంత గట్టి కాపలా దొరికి ఉండదు. పైగా తీర్పులో చేప మాటే లేదు.

జెల్లలు లేవు కనుక పోస్టులు పోయాయి. వచ్చినవాళ్ళు వచ్చిన శాఖలకు పోయారు. జైళ్ళ శాఖాయన వెళ్ళేముందు చెరువు గట్టున నిలబడి చివరిసారి లెక్క చూసుకున్నాడు. అప్పజెప్పడానికి ఎవరూ లేకపోతే కంటతడి పెట్టుకున్నాడు. ఇంత తక్కువ కాలంలో ఇన్ని జిల్లాలను ఏర్పాటు చేసిన అనుభవం మరొకరికి లేదని పరాంకుశం గారిని జిల్లాల పునర్విభజన సలహాసంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. నేను మళ్ళీ సహాయ వర్గీకర్తనయ్యాను. వర్గీకరించడానికి ఏమీ లేదు గానీ, జీతం మాత్రం వస్తోంది.

కొత్త డైరెక్టరుగా వైశంపాయన గారని ఒకరు వచ్చారు. నాకంటే చిన్నవాడు, నిజంగా చదువుకున్నవాడు. మా సంస్థకు అలాంటివాడు ఎలా వచ్చాడో అది కూడా టైపు తప్పే అయ్యుంటుంది. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోమన్నారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. బల్లమీద నా వ్యాసం ఉంది. జిల్లా అని దిద్దిన చోటల్లా ఆయన పెన్సిలుతో మళ్ళీ జెల్ల అని రాసుకున్నారు.

"జోగారావు గారూ, మీ నలభై ఒక్క జాతులూ చదివాను. మొదటి ఆరూ నిజం. ముప్పై నాలుగు, క్షమించాలి, పచ్చి అబద్ధాలు. కానీ ఇది ఒక్కటి..." పిల్లికోడు చేప బొమ్మ మీద వేలు పెట్టారు. "ఈ చార ఇలా చీలడం, ఈ మీసం. ఇది నిజంగా కొత్త జాతేనండీ. ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ చదవలేదా?"

ఇన్నేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి.

"నేను దీన్ని ప్రకటిస్తాను," అన్నారాయన. "మీ పేరే పెడతాను. మిస్టస్ జోగారావి. అంతేకాదు, ఇంత అరుదైన జాతి అంటే కోర్టు కూడా మన మాట వింటుంది, స్టే ఎత్తేస్తుంది. కోడు ఒడ్డున ఒక చిన్న పరిశోధన కేంద్రం కడదాం. పెద్దదేం కాదు. ఒక తారురోడ్డు, జనం వచ్చి చూడటానికి రెండు పడవలు, రాత్రిపూట లైట్లు. దీన్ని చూసుకోవడానికి ఒక ప్రత్యేక అధికారి..."

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. మంచి మనిషి, కళ్ళు మెరుస్తున్నాయి. నేను నా అరచేయి చూసుకున్నాను. ముల్లు దిగినచోట చిన్న మచ్చ మిగిలింది.

"సార్, తమరు పొరబడ్డారు," అన్నాను. "అది మామూలు చారల జెల్లేనండి."

"మరి ఈ చార?"

"బొమ్మ వేసేటప్పుడు చెయ్యి వణికిందండి."

"ఈ మీసం కొలతలు?"

"సార్, ముప్పై నాలుగు అబద్ధాలు రాసిన చెయ్యి ఇది. ముప్పై ఐదోది మాత్రం నిజం రాస్తుందా?"

వైశంపాయన గారి ముఖంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది. నాకు ఏడుపొచ్చింది గానీ, అబద్ధాలకోరు ఏడిస్తే బాగుండదని ఊరుకున్నాను. ఆయన వ్యాసం మడిచి నాకే ఇచ్చేసి, ఇక వెళ్ళమని తలుపువైపు చూపించారు. మర్యాదస్తుడు.

నేను సరాసరి పిల్లికోడుకు వెళ్ళాను. ఇప్పుడు జీపు లేదు, సైకిలే. గట్టున నూకరత్నం గంప సర్దుకుంటోంది. తుంగ పక్కన, పల్చటి నీళ్ళలో ఒకటి అడుగుమట్టి కెలుకుతూ కనిపించింది. దాని చార నడుం దగ్గర చీలింది, తోక దగ్గర కలిసింది.

"ఏం చేపండి అది, అంత ముచ్చటగా సూత్తన్నారు?" అంది నూకరత్నం వెనకనుంచి వంగి.

"ఏముంది రత్నం, ఉత్త జెల్ల," అన్నాను.

అబద్ధం కాదది. ఇంత సర్వీసులో అందరిచేతా తిన్న జెల్లలే గానీ, సర్కారుకు నేను కొట్టినది అదొక్కటే.